ఏఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ పిక్‌ల మార్పిడి, జట్టు ఎంపిక: మొదటి నుంచి చివరి వరకు

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో అత్యున్నత పోటీ అయిన ఏఎఫ్‌ఎల్‌లో ప్రస్తుతం 18 క్లబ్‌లు ఉన్నాయి. సెప్టెంబరు చివరి శనివారం గ్రాండ్ ఫైనల్ ముగిసిన కొద్ది రోజులకే క్లబ్‌లు ఆటగాళ్లను, పిక్‌లను మార్చుకునే ట్రేడ్ పీరియడ్ మొదలవుతుంది. ఆ తర్వాత నవంబరులో, క్లబ్‌లు వంతుల వారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే జాతీయ డ్రాఫ్ట్ జరుగుతుంది. మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని టార్నీట్, పాయింట్ కుక్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఈ ఆటను పాఠశాలల్లోనే నేర్చుకుంటున్నారు. మ్యాచ్ చూసి ఆనందించడం వారి తల్లిదండ్రులకు కష్టం కాదు కానీ, అక్టోబరులో వార్తలన్నీ "పిక్ 14 ఇచ్చి పిక్ 26, 33, 42 తీసుకున్నారు" అన్న లెక్కలతో నిండిపోయినప్పుడు చాలామంది దారి తప్పుతారు. ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మనకు ఇది కొత్తగా ఉండటం సహజమే. వేలంలో డబ్బు ఎక్కువ పెట్టినవారికి ఆటగాడు దక్కుతాడు. డ్రాఫ్ట్‌లో మాత్రం డబ్బుకు చోటు లేదు, వరుసలో ఎవరు ఎక్కడ నిలుచున్నారన్నదే ముఖ్యం. ఆ వరుసలోని చోటే పిక్. దాన్ని అమ్మవచ్చు, కొనవచ్చు, ముక్కలు చేయవచ్చు, రాబోయే ఏడాదికి వాయిదా వేయవచ్చు.

ఒక క్లబ్ తీసుకున్న నిర్ణయాన్ని మీరే స్వయంగా తూచగలగడానికి, లేదా స్నేహితులతో ఆడే నమూనా డ్రాఫ్ట్‌లో మీ జట్టును మీరే నిర్మించుకోవడానికి ఈ మార్గదర్శి ఉపయోగపడుతుంది. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. పిక్‌ల బేరాన్ని, వారం వారం జరిగే జట్టు ఎంపికను రెండు వేర్వేరు విద్యలుగా చూడడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మైదానంలోకి దిగే జట్టు కాగితం నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చినప్పుడే పిక్ అసలు విలువ తెలుస్తుంది.

మొదటి అడుగు: జట్టు కాగితం నుంచి మొదలుపెట్టడం

ముందుగా పిక్‌ల పట్టికను పక్కన పెట్టి, క్లబ్ ఆటగాళ్లందరి పేర్లను పాత్రల వారీగా రాసుకోవాలి. మైదానంలో 18 మంది ఉంటారు. సంప్రదాయంగా వెనుక ఆరుగురు, మధ్యలో ఆరుగురు, ముందు ఆరుగురు అని లెక్కించే ఈ అమరికకు 2019 నుంచి నియమబలం కూడా వచ్చింది. మధ్య వృత్తంలో ఆట పునఃప్రారంభమైన ప్రతిసారీ మైదానం మూడు భాగాల్లోనూ ఒక్కో జట్టుకు ఆరుగురేసి ఉండి తీరాలి. అందువల్ల వెనుక వరుసలో గుంపుగా నిలబడి ఆధిక్యాన్ని కాపాడుకోవడం మునుపటిలా కుదరదు. ఎదుటి జట్టు ప్రధాన ఫార్వర్డ్‌లను అడ్డుకునే మంచి కీ డిఫెండర్ల విలువ ఈ మార్పుతో పెరిగిందని నా నమ్మకం.

పాత్రలను ఇలా విడదీయండి: ఎత్తైన కీ డిఫెండర్లు, బంతిని మధ్యలో అడ్డుకుని పట్టే డిఫెండర్లు, హాఫ్ బ్యాక్ (వెనుక వరుసలో మధ్యభాగానికి దగ్గరి స్థానం) నుంచి బంతిని పరుగుతో ముందుకు తీసుకెళ్లేవారు, రక్ (పైకి వేసిన బంతిని ఎగిరి తన జట్టువైపు తట్టే ఎత్తైన ఆటగాడు), లోపలి మిడ్‌ఫీల్డర్లు, వింగ్ ఆటగాళ్లు, కీ ఫార్వర్డ్‌లు, ఒత్తిడి పెంచే చిన్న ఫార్వర్డ్‌లు. ప్రతి పేరు పక్కన వయసు, ఒప్పందం ముగిసే సంవత్సరం రాయండి. ఇరవై తొమ్మిది దాటిన కీ డిఫెండర్లు ఇద్దరుండి, వారి వెనుక ఎదుగుతున్న యువకుడు ఒక్కడూ లేకపోతే ఆ క్లబ్‌కు మూడేళ్లలో రాబోయే కష్టం కాగితం మీద ఇప్పుడే కనిపిస్తుంది.

పాత్రను బట్టి ఎదుగుదలకు పట్టే కాలం మారుతుందని ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ప్రతిభావంతుడైన మిడ్‌ఫీల్డర్ మొదటి ఏడాదిలోనే సీనియర్ జట్టులో నిలదొక్కుకోగలడు. 2021 డ్రాఫ్ట్‌లో వచ్చిన కాలింగ్‌వుడ్ ఆటగాడు నిక్ డైకోస్ 2022లో ఉత్తమ యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ పురస్కారం అందుకున్నాడు. 2022లో 3వ పిక్‌గా వచ్చిన నార్త్ మెల్‌బోర్న్ ఆటగాడు హ్యారీ షీజెల్ మరుసటి ఏడాదే అదే పురస్కారం గెలుచుకున్నాడు. రక్ ఆటగాళ్లకు అంతకంటే చాలా ఎక్కువ ఓపిక కావాలి. మాక్స్ గాన్‌ను మెల్‌బోర్న్ క్లబ్ 2009లో 34వ పిక్‌తో ఎంచుకుంది. 2021లో అతడే కెప్టెన్‌గా ఆ క్లబ్‌కు ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) అందించాడు. వెస్ట్ కోస్ట్ ఆటగాడు డీన్ కాక్స్, ఫ్రీమాంటిల్ ఆటగాడు ఆరన్ సాండిలాండ్స్ ఇద్దరూ రూకీ లిస్ట్ (ప్రధాన జాబితాకు బయట ఉంచే కొత్తవారి జాబితా) నుంచి ఎదిగినవారే. అందుకే మొదటి పది పిక్‌లలో ఒకదాన్ని పద్దెనిమిదేళ్ల రక్ మీద ఖర్చు చేయాలంటే అతడు ఇతర పాత్రల్లోనూ రాణించగల అసాధారణ ఆటగాడై ఉండాలి.

రెండో అడుగు: పిక్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం

ప్రతి రౌండ్‌లోనూ పట్టికలో అట్టడుగున నిలిచిన క్లబ్‌కు మొదటి పిక్, ఛాంపియన్‌కు చివరి పిక్ దక్కుతాయి. ఈ మూల క్రమాన్ని మార్చే అంశాలలో పరిహారపు పిక్ ముఖ్యమైనది. 2012లో ఫ్రీ ఏజెన్సీ వచ్చిన తర్వాత, నిర్ణీత సంవత్సరాలు ఒకే క్లబ్‌లో పనిచేసిన ఆటగాడు ఒప్పందం ముగియగానే వేరే క్లబ్‌కు వెళ్లిపోవచ్చు. అతడిని కోల్పోయిన క్లబ్‌కు లీగే ఒక పిక్ ఇస్తుంది. ఆ పరిహారం అత్యున్నత శ్రేణిదైతే, క్లబ్ సొంత మొదటి పిక్ వెంటనే అది వచ్చి చేరుతుంది.

బలహీనమైన జట్టుకు ఇది ఎంత పెద్ద వరమో 2014లో మెల్‌బోర్న్ విషయంలో తెలిసింది. జేమ్స్ ఫ్రాలీ హాథోర్న్‌కు వెళ్లిపోగా, తన సొంత 2వ పిక్ పక్కనే 3వ పిక్ కూడా మెల్‌బోర్న్‌కు వచ్చింది. వాటితో క్రిస్టియన్ పెట్రాకా, ఆంగస్ బ్రేషా వచ్చారు. ఇద్దరూ 2021 ప్రీమియర్‌షిప్ జట్టులో ఆడారు, గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం పెట్రాకాకే దక్కింది. 2023లో బెన్ మెకేను కోల్పోయిన నార్త్ మెల్‌బోర్న్‌కు కూడా 3వ పిక్ పరిహారంగా వచ్చింది. అయితే అలాంటి పిక్ చేరిన ప్రతిసారీ దాని తర్వాత ఉన్న క్లబ్‌లన్నీ ఒక్కో చోటు వెనక్కి జరుగుతాయి. అందుచేత అక్టోబరు మొదట్లో "మా దగ్గర 7వ పిక్ ఉంది" అనుకున్న క్లబ్ డ్రాఫ్ట్ రాత్రి 9వ స్థానంలోనో 10వ స్థానంలోనో పిలవాల్సి రావచ్చు. మీ లెక్కలో ఎప్పుడూ రెండు మూడు చోట్లు వెనక్కి జారే అవకాశాన్ని ఉంచుకోండి.

మూడో అడుగు: పాయింట్ల పట్టికను చదవడం, దాని పరిమితిని గుర్తించడం

2015లో లీగ్ ప్రతి పిక్‌కు పాయింట్లు కేటాయించింది. గతంలో ఆయా స్థానాల్లో ఎంపికైన ఆటగాళ్లు సంపాదించిన జీతాల సరళి ఈ పట్టికకు ఆధారం. ఆ పట్టికలో 1వ పిక్‌కు 3000, 2వ దానికి 2517, 3వ దానికి 2234, 5వ దానికి 1878, 10వ దానికి 1395, 18వ దానికి 985 పాయింట్లు. మొదట్లో మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో చూడండి. ఒకటికీ రెండుకూ మధ్య తేడా 483 కాగా, పదికీ పద్దెనిమిదికీ మధ్య ఎనిమిది చోట్ల తేడా కలిపినా 410 మాత్రమే.

ఇప్పుడు ఒక బేరం ఊహించండి. 5వ పిక్ ఇచ్చి 12, 27 పిక్‌లు తీసుకుంటే, 1268కి 703 కలిపి 1971 పాయింట్లు వస్తాయి. 1878 ఇచ్చి 1971 పొందినట్లు కనుక 93 పాయింట్ల లాభం కనిపిస్తుంది. అయినా ఇది మంచి బేరమని తొందరపడి తేల్చకూడదు. పాయింట్లను కూడవచ్చు గానీ మైదానంలో స్థలాన్ని కూడలేం. ఇద్దరు సగటు ఆటగాళ్లు కలిసి ఒక మహా మిడ్‌ఫీల్డర్ కాలేరు, పైగా క్లబ్ పరిమితమైన ఆటగాళ్ల లిస్ట్‌లో రెండు స్థానాలు ఆక్రమిస్తారు. జట్టు అంతటా ఖాళీలున్న క్లబ్ పిక్‌ను ముక్కలు చేయడంలో అర్థం ఉంది. ఫైనల్స్ ఆడుతున్న క్లబ్‌కు ఒకే ఒక్క లోటు ఉంటే ముక్కలను కలిపి పైకి ఎక్కడమే మేలు.

పట్టికకు అసలైన ఉపయోగం బిడ్ మ్యాచింగ్‌లో ఉంది. తండ్రి ఒక క్లబ్ తరఫున కనీసం 100 సీనియర్ మ్యాచ్‌లు ఆడి ఉంటే కుమారుడిని ఆ క్లబ్ ముందస్తు హక్కుతో తీసుకోవచ్చు. ఉత్తర రాష్ట్రాల (న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్) క్లబ్‌లకు తమ అకాడమీ ఆటగాళ్ల మీద ఇలాంటి హక్కే ఉంటుంది. కానీ ఉచితంగా కాదు. వేరే క్లబ్ ఏ స్థానంలో ఆ కుర్రవాడి పేరు పిలుస్తుందో (దీన్నే బిడ్ అంటారు), ఆ స్థానపు పాయింట్లకు రాయితీ పోగా మిగిలిన మొత్తాన్ని సొంత క్లబ్ తన పిక్‌లతో చెల్లించాలి. 2021లో గోల్డ్ కోస్ట్ 4వ స్థానంలో నిక్ డైకోస్ పేరు పిలిచింది. ఆ స్థానం విలువ 2034. అప్పటి 20 శాతం రాయితీ తీసివేస్తే కాలింగ్‌వుడ్ చెల్లించాల్సినది సుమారు 1627. ఇంత మొత్తాన్ని 18, 27 పిక్‌లతో చెల్లించే క్లబ్ ఉంటే, వాటి విలువ 1688 కనుక 61 పాయింట్లు మిగులుతాయి, ఆ మిగులుకు తగిన వెనుక స్థానం ఒకటి దానికి తిరిగి వస్తుంది.

ఈ వెసులుబాటుతో క్లబ్‌లు ఎలాంటి బేరాలు ఆడాయో 2020 చూపిస్తుంది. తమ నెక్స్ట్ జనరేషన్ అకాడమీ ద్వారా ముందస్తు హక్కున్న జమారా ఉగ్లె-హేగన్ మీద మొదటి పిక్‌కే బిడ్ వస్తుందని వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు తెలుసు. 3000లో 20 శాతం పోగా 2400 పాయింట్లు కావాలి. ఆ క్లబ్ తన 14వ పిక్‌ను, మరుసటి ఏడాది రెండో రౌండ్ పిక్‌ను కాలింగ్‌వుడ్‌కు ఇచ్చి, ఆడమ్ ట్రెలోర్‌తో పాటు 26, 33, 42 పిక్‌లు తీసుకుంది. 14వ పిక్ విలువ 1161. వచ్చిన మూడింటి విలువ 729, 563, 395 కలిపి 1687. పేరున్న మిడ్‌ఫీల్డర్‌తో పాటు 526 పాయింట్లు ఆ ఏటికి అదనంగా చేతికొచ్చాయి. కాలింగ్‌వుడ్ అంత ఎందుకు వదులుకుంది? ఆ ఏడాది దానికి జీతాల పరిమితి మీద తీవ్రమైన ఒత్తిడి ఉంది. బేరంలో ఒకరి కష్టం మరొకరికి అవకాశమయ్యే చోటును వెతకడమే లిస్ట్ మేనేజర్ పని.

తర్వాత నియమాలు బిగుసుకున్నాయి. 2025 నుంచి రాయితీ 20 నుంచి 10 శాతానికి తగ్గింది, 54 తర్వాతి పిక్‌లకు పాయింట్లే లేవు. మొదటి పిక్ బిడ్‌కు మునుపు 2400 సరిపోయేవి, ఇప్పుడు 2700 కావాలి. చివరి రౌండ్ల పిక్‌లను పోగుచేసి గొప్ప ఆటగాడిని సంపాదించే దారి చాలావరకు మూసుకుపోయింది. ఇది న్యాయమైన మార్పని నేను భావిస్తున్నాను. కనుక పాత బేరాలను ఉదాహరణగా తీసుకునేటప్పుడు అది ఏ ఏటి పట్టికో తప్పక చూడాలి.

నాలుగో అడుగు: రాబోయే ఏడాది పిక్‌లను తాకట్టు పెట్టే ముందు

భవిష్యత్ పిక్‌ల మార్పిడికి 2015లో అనుమతి వచ్చింది. మొదట ఒక్క ఏడాది ముందు పిక్‌లకే పరిమితమైన ఈ వెసులుబాటు 2025లో రెండేళ్లకు పెరిగింది. ఇక్కడ మీరు అమ్ముతున్నది ఒక సంఖ్యను కాదు, మీ జట్టు మీద మీకున్న అంచనాను. వచ్చే ఏడాది ఫైనల్స్‌కు వెళ్తామన్న నమ్మకంతో మొదటి రౌండ్ పిక్ ఇచ్చేసి, తీరా పట్టికలో అడుగున పడితే ఆ నష్టం అంతా ఇంతా కాదు.

2018లో డ్రాఫ్ట్ రాత్రి ప్రత్యక్ష మార్పిడి మొదటిసారి అనుమతించినప్పుడు కార్ల్టన్ ఇలాంటి సాహసమే చేసింది. ఆ ఏడాది చివరి స్థానంలో నిలిచిన క్లబ్ తన 2019 మొదటి రౌండ్ పిక్‌ను అడిలైడ్‌కు ఇచ్చి, 19వ పిక్‌ను, అడిలైడ్ 2019 మొదటి పిక్‌ను తీసుకుంది. 19వ పిక్‌తో లియామ్ స్టాకర్ వచ్చాడు. 2019లో కార్ల్టన్ మళ్లీ కింది స్థానాల్లోనే ముగించడంతో అడిలైడ్ చేతికి 4వ పిక్ చిక్కింది. అడిలైడ్ దాన్ని గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి ఇచ్చి 6వ పిక్‌ను, మరో భవిష్యత్ మొదటి రౌండ్ పిక్‌ను రాబట్టింది. 6వ పిక్‌తో ఎంచుకున్న ఫిషర్ మెకేసీ 2023లో ఆట నుంచి తప్పుకున్నాడు. స్టాకర్ కూడా కార్ల్టన్‌లో నిలవలేదు. ఆటగాళ్ల తర్వాతి కథను చూసి బేరానికి మార్కులు వేస్తే రెండు క్లబ్‌లూ ఓడినట్లే. సంతకం చేసిన రోజున తెలిసిన విషయాలతోనే తూచినప్పుడు, అట్టడుగు జట్టు తన భవిష్యత్ పిక్‌ను వదులుకోవడమే అసలు తప్పుగా కనిపిస్తుంది.

నేను పాటించమని చెప్పే పద్ధతి ఇది. మీ జట్టు వచ్చే ఏడాది ముగించగల అతి మంచి స్థానం, సాధారణ స్థానం, అతి చెడ్డ స్థానం మూడింటినీ రాసి, మూడింటికీ పాయింట్లు వేయండి. అతి చెడ్డ స్థానంలో కూడా భరించగలిగే బేరమైతేనే ముందుకు వెళ్లండి. దీనికి తోడు 2028లో టాస్మానియా డెవిల్స్ క్లబ్ లీగ్‌లోకి రాబోతోంది. గోల్డ్ కోస్ట్ 2011లో, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ 2012లో వచ్చినప్పుడు ముందు వరుస పిక్‌లు వాటికే ఎక్కువగా వెళ్లాయి. కొత్త క్లబ్ కోసం జరిగే డ్రాఫ్ట్‌లో మిగతావారి మొదటి పిక్‌లు సహజంగానే వెనక్కి జరుగుతాయి కాబట్టి, 2027 పిక్‌ను మామూలు ధరకు కొనకూడదు.

ఐదో అడుగు: ఆటగాడి సమ్మతి, జీతం, ఇంటి మీది బెంగ

ఒప్పందంలో ఉన్న ఆటగాడిని అతడి ఇష్టం లేకుండా వేరే క్లబ్‌కు పంపడం ఏఎఫ్‌ఎల్‌లో కుదరదు. అందువల్ల బేరంలో మూడో పక్షం ఎప్పుడూ ఆటగాడే. అతడు ఒకే క్లబ్ పేరు చెబితే పాత క్లబ్‌కు బేరమాడే బలం తగ్గిపోతుంది, ఒప్పందం ఇంకా మిగిలి ఉంటే ఆ బలం తిరిగి పెరుగుతుంది.

జేసన్ హార్న్-ఫ్రాన్సిస్ ఉదాహరణలో ఇదంతా కలిసి కనిపిస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాకు చెందిన ఈ కుర్రవాడిని నార్త్ మెల్‌బోర్న్ 2021లో 1వ పిక్‌తో తీసుకుంది. ఒక్క సీజన్ తర్వాత అతడు సొంత రాష్ట్రంలోని పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లాలనుకున్నాడు. 2022లో నాలుగు క్లబ్‌ల మధ్య జరిగిన మార్పిడిలో నార్త్ మెల్‌బోర్న్ అతడితో పాటు ఆ ఏటి 1వ పిక్‌ను కూడా వదులుకుని 2, 3 పిక్‌లు సంపాదించింది. బ్రిస్బేన్ విల్ ఆష్‌క్రాఫ్ట్ కోసం బిడ్ మ్యాచ్ చేయడంతో అవి 3, 4 స్థానాలకు జరిగాయి. వాటితో షీజెల్, జార్జ్ వార్డ్‌లా వచ్చారు. బలవంతపు పరిస్థితిలో కూడా ఒక ఆటగాడికి, 1వ పిక్‌కు బదులు ఇద్దరు అగ్రశ్రేణి మిడ్‌ఫీల్డర్లను రాబట్టిన తీరు మెచ్చుకోదగినది.

పిక్‌లతో పాత క్లబ్ ఎంత మేలు పొందగలదో చెప్పడానికి 2001 కంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు. హాథోర్న్ ట్రెంట్ క్రోడ్‌ను, ల్యూక్ మెక్‌ఫార్లిన్‌ను ఫ్రీమాంటిల్‌కు ఇచ్చి 1, 20, 36 పిక్‌లు తీసుకుంది. మొదటిదానితో ల్యూక్ హాడ్జ్, 36తో శామ్ మిచెల్ వచ్చారు. 2008 ప్రీమియర్‌షిప్‌లో మిచెల్ కెప్టెన్, హాడ్జ్ నార్మ్ స్మిత్ విజేత. అప్పటికి క్రోడ్ కూడా హాథోర్న్‌కే తిరిగివచ్చి ఆ జట్టులో ఆడాడు.

ఆరో అడుగు: డ్రాఫ్ట్ రాత్రి

ఆ రాత్రికి రెండు జాబితాలు కావాలి. ఒకటి ప్రతిభ క్రమం, రెండోది ఏ క్లబ్ ఎవరిని పిలవవచ్చన్న అంచనా. 2019లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ 4వ పిక్‌కు ఎగబాకడంలో ఉద్దేశం ఈ రెండో జాబితా నుంచి పుట్టినదే. బిడ్ ముందే వస్తే పైపిక్ దాని చెల్లింపుకే పోతుంది కనుక, తన అకాడమీ ఆటగాడు టామ్ గ్రీన్ మీద బిడ్ రాకముందే పైపిక్‌ను వాడేసి లాక్లన్ యాష్‌ను తీసుకుంది. తర్వాత 10వ స్థానంలో గ్రీన్ మీద కార్ల్టన్ బిడ్ వేసినప్పుడు వెనుక పిక్‌లతో మ్యాచ్ చేసింది. మొదటి పది పిక్‌ల వరకు ప్రతిభ క్రమానికే కట్టుబడి ఉండాలి, ఆ తర్వాతే మొదటి అడుగులో రాసుకున్న ఖాళీల వైపు చూడాలన్నది నా సలహా.

ఏడో అడుగు: వారం వారం జట్టు ఎంపిక

సీజన్ మొదలయ్యాక పిక్‌ల విలువ తేలేది ఎంపిక సమావేశంలోనే. 2023 నుంచి 2025 వరకు బెంచీ మీద నలుగురు మార్పిడి ఆటగాళ్లు, ఒక సబ్‌స్టిట్యూట్ ఉండేవారు. 2026 నుంచి సబ్ పద్ధతి తీసేసి ఐదుగురినీ మార్పిడి ఆటగాళ్లుగా చేశారు. మ్యాచ్ మొత్తానికి 75 మార్పిడులకు మించి కుదరవు. ఈ పరిమితి వల్ల ఒకే పాత్రకు పనికొచ్చేవాడి కంటే వింగ్‌లోనూ హాఫ్ ఫార్వర్డ్‌లోనూ ఆడగలవాడు బెంచీకి ఎక్కువ ఉపయోగపడతాడు.

ముందుగా ఎవరు అందుబాటులో లేరో చూడండి. తలకు దెబ్బ తగిలి కంకషన్ నిర్ధారణ అయిన ఆటగాడు కనీసం 12 రోజులు మ్యాచ్ ఆడకూడదు కాబట్టి మరుసటి వారం అతడి పేరు రాయనవసరం లేదు. రెండు మ్యాచ్‌ల మధ్య విరామం ఆరు రోజులే అయితే పెద్ద వయసు ఆటగాళ్లలో ఒకరికి విశ్రాంతి ఇవ్వడం గురించి ఆలోచించాలి. ఆపైన మైదానం చూడాలి. జిలాంగ్‌లోని కార్డీనియా పార్క్ పొడవుగా, ఇరుకుగా ఉంటుంది, ఎంసీజీ బాగా వెడల్పైనది. వెడల్పైన మైదానంలో దూరాలు పరుగెత్తే వింగ్ ఆటగాళ్లకు పని ఎక్కువ, ఇరుకైన చోట కిక్కిరిసిన పోటీలో బంతి గెలుచుకునేవారికి పని ఎక్కువ. వర్షం పడే సూచన ఉంటే రెండో రక్‌నో మూడో ఎత్తైన ఫార్వర్డ్‌నో తప్పించి, నేలబారు బంతిని అందుకోగల చురుకైన ఆటగాడిని తీసుకోవడం చాలాసార్లు ఫలిస్తుంది. ఎత్తైనవారి సంఖ్యను వాతావరణాన్ని బట్టి ఒకటి తగ్గించగల వెసులుబాటు లిస్ట్‌లో ఉందా లేదా అన్నది మళ్లీ డ్రాఫ్ట్ దగ్గరికే వెళ్లే ప్రశ్న.

ఎనిమిదో అడుగు: సీజన్ మధ్యలో

2019లో తిరిగి ప్రవేశపెట్టిన మధ్య సీజన్ రూకీ డ్రాఫ్ట్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. దీర్ఘకాలిక గాయాలతో ఖాళీ అయిన స్థానాల్లో రాష్ట్ర లీగ్‌లలో ఆడుతున్న పరిణతి గల ఆటగాళ్లను తెచ్చుకునే మార్గం ఇది. ఆ ఏడాదే రిచ్‌మండ్ పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి మార్లియన్ పికెట్‌ను ఇలా తీసుకుంది. అతడు రిచ్‌మండ్ రెండో జట్టు తరఫున విక్టోరియా రాష్ట్ర లీగ్ అయిన వీఎఫ్‌ఎల్ గ్రాండ్ ఫైనల్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. సీనియర్ జట్టులో జాక్ గ్రాహమ్ గ్రాండ్ ఫైనల్‌కు ముందు జరిగే ప్రిలిమినరీ ఫైనల్‌లో భుజానికి గాయమై తప్పుకోవడంతో, ఒక్క ఏఎఫ్‌ఎల్ మ్యాచ్ కూడా ఆడని పికెట్‌ను ఎంపిక సంఘం నేరుగా గ్రాండ్ ఫైనల్‌కు తీసుకుంది. 1952 తర్వాత గ్రాండ్ ఫైనల్‌లో అరంగేట్రం చేసిన మొదటి ఆటగాడు అతడే. ఒక గోల్ కూడా కొట్టాడు, రిచ్‌మండ్ 89 పాయింట్ల తేడాతో గెలిచింది. ఈ డ్రాఫ్ట్ కోసం మే నెలకల్లా సిద్ధంగా ఉండాలి: గాయపడినవారి జాబితాను మొదటి అడుగులో రాసుకున్న పాత్రల పట్టిక పక్కన పెట్టి, ఏ పాత్రలో రెండో జట్టు నుంచి కూడా మనిషి దొరకడో గుర్తించి, ఆ పాత్రలో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా లీగ్‌లలో నిలకడగా ఆడుతున్న ఇద్దరు ముగ్గురి పేర్లు ముందుగానే రాసి పెట్టుకోవాలి.